ఒకే చుట్టలోంచి కోసిన రెండు పైపులు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా కొట్టు పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేసే బాబాయిగారు. ఆయన దగ్గర టైర్ల కంటే కబుర్లే ఎక్కువ నిల్వ ఉండేవి. ఆ రోజు పొద్దున్నే నేను కొట్లో దేవుడి పటానికి అగరుబత్తి వెలిగిస్తుంటే, చేతికంటిన సొల్యూషను గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“అమ్మాయ్, విన్నావా? మన ట్రావెల్సాయన బస్సులో దొడ్డి కట్టిస్తున్నాడు.”

“బస్సులో దొడ్డేంటి బాబాయిగారూ?”

“ఆయ్, నిజం! వెనక రెండు వరసల సీట్లు పీకేసి మరుగుదొడ్డి గది కట్టాడు. తలుపు, గొళ్ళెం, కుళాయి, అన్నీను. కింద ట్యాంకు. ఆ ట్యాంకు ఖాళీ చెయ్యడానికి పైపు కావాలంట. నీ దగ్గరికే వస్తాడు చూడు. నేను చెప్పానని మాత్రం అనకు.”

అలా అన్నారంటే అప్పటికి బజారు సగం తిరిగి వచ్చారన్నమాట.

పైపుల కొట్లలోనూ, మోటార్ల కొట్లలోనూ ఇప్పుడు చాలామంది ఆడపిల్లలు కౌంటరు దగ్గర కూర్చుంటున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంటుంది. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. రాజమండ్రిలో ఒక పైపుల కొట్లో నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. అన్నేళ్ళలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. కానీ తలుచుకున్నప్పుడు సిగ్గూ నవ్వూ కలిసి వచ్చేది మాత్రం ఈ ఒక్కటే.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చిన్నప్పుడు వరసగా జ్వరాలు. పెనుగొండలో మా నాన్నగారు అమ్మవారి గుళ్ళో అర్చన ముగించుకుని వచ్చి, నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించారు. ఎక్కాలు మా అమ్మ రుబ్బురోలు దగ్గర చెప్పించింది. అంగుళాలు, అరంగుళాలు, కప్లింగులు, వాల్వులు మాత్రం కొట్లోనే నేర్చుకున్నాను. బడి మెట్లెక్కని ఆడమనిషిని నమ్మి, నా చేతిరాత ఒక్కటి చూసి కౌంటరు దగ్గర కూర్చోబెట్టిన మా షావుకారుగారికి ఈ రోజుకీ పూజలో ఒక పువ్వు తీసి పక్కన పెడతాను.

మా కొట్టుకి వచ్చేవాళ్ళంతా రైతులు. కాలవలోంచి చేలోకి నీళ్ళు తోడుకునే ఆయిల్ ఇంజన్లకి పైపులు కావాలి వాళ్ళకి. కొట్లో నేను కాకుండా ఇంకొకరు పనిచేసేవారు, పైపులు కొలిచి కోసే ఆయన. మేమంతా అన్నయ్యగారూ అనేవాళ్ళం. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే మాత్రం ఆ మాట సాయంత్రం దాకా మనల్ని గుచ్చుతూనే ఉంటుంది.

బాబాయిగారు చెప్పినట్టే ట్రావెల్సాయన మర్నాడే వచ్చారు. వెనక రిక్షాలో ఆయన పెద్దమ్మగారు కూడా వచ్చారు. తెల్లటి నేతచీర, చేతిలో జపమాల, డెబ్బై దాటిన వయసు. రిక్షా దిగగానే ఆవిడ అడిగిన మొదటి మాట, “అమ్మా, మీ కొట్లో దొడ్డి ఎక్కడ?”

చూపించాను. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని నవ్వారు. “చూశావుగా. ఇదీ నా బతుకు. షుగరొచ్చిన దగ్గర్నుంచీ అరగంటకోసారి వెళ్ళాలి. ఆరేళ్ళయింది ఊరు దాటి. ఒకసారి రైలెక్కానమ్మా, ఆ జనం లోంచి నా మోకాళ్ళతో తలుపు దాకా వెళ్ళేసరికే...” ఆపేశారు. “ఇంక ప్రయాణం మాటెత్తలేదు.”

మిగతాది ట్రావెల్సాయన చెప్పారు. తల్లి పోతే ఆయన్ని పెంచింది ఈ పెద్దమ్మే. పెదనాన్నగారు బతికున్న రోజుల్లో, ఇద్దరం కలిసి రామేశ్వరం వెళ్ళి సముద్రస్నానం చేస్తామని మొక్కుకున్నారట. ఆ మొక్కు తీరకుండానే ఆయన కాలం చేశారు. అది తీర్చకుండా తను పోతానేమోనని పెద్దమ్మగారి బెంగ. ఈమధ్య పట్టిసీమ రేవులో సినిమా షూటింగు జరిగితే చూడ్డానికి వెళ్ళిన ట్రావెల్సాయన, హీరోయిన్ని వదిలేసి ఆవిడ కూర్చునే వ్యాను చుట్టూ తిరిగారట. అందులో దొడ్డి, మంచినీళ్ళకొక ట్యాంకు, మురికినీళ్ళకొక ట్యాంకు. ఆ వ్యాను డ్రైవరుకి టీ ఇప్పించి అన్నీ అడిగి తెలుసుకున్నారు.

“మా పెద్దమ్మ భజన బృందం పాతికమంది ఉన్నారండి. కార్తీకంలో సామర్లకోట, ద్రాక్షారామం ఒకరోజు తిప్పి తెస్తాను. అది బాగుంటే మాఘంలో వాళ్ళే రామేశ్వరం వస్తామన్నారు, పన్నెండు రోజులు. వాళ్ళు రాకపోతే ఈవిడ ఒక్కరి కోసం అంత పెద్ద బస్సు నేను తియ్యలేనండి.”

“అదమ్మా సంగతి,” అన్నారు పెద్దమ్మగారు. “రాముడు వారధి కట్టుకుని వెళ్ళాడు. నేను నీ పైపు పట్టుకుని వెళ్ళాలి. మంచిది చూసి ఇయ్యి తల్లీ.”

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. మూడు రకాలు నేల మీద పరిచాను. మొదటిది చాపలా మడతపడే నీలం డెలివరీ పైపు. “ఇది వద్దండి. వెనక నుంచి ఇంజను తోస్తేనే ఇది నిలబడుతుంది. మీ ట్యాంకుకి ఇంజనెక్కడిది? పల్లమే దిక్కు. మధ్యలో మడతపడిందంటే అంతా అక్కడే ఆగిపోతుంది.” రెండోది చుట్లు చుట్లుగా సాగే పల్చటి పైపు. “బరువు తక్కువే గానీ, లోపల చుట్లున్నాయి చూడండి, ఆ చుట్లలో ఇరుక్కున్నది ఎన్ని నీళ్ళు కొట్టినా పోదు. పొరపాటున కాలేస్తే పగులుతుంది కూడా.” మూడోది కాలవలోంచి నీళ్ళు పీల్చే మూడంగుళాల ఆకుపచ్చ సక్షన్ పైపు. బయట గట్టి చుట్టు, లోపల గాజుగొట్టంలా నునుపు. అదే ఖాయం చేశాను. పన్నెండడుగులు చాలన్నాను. పొడుగెక్కువైతే మధ్యలో కుంగుతుంది, కుంగినచోట మురికి నిలుస్తుంది.

సెప్టిక్ ట్యాంకు లారీల వాళ్ళు మాకు పాత ఖాతాదార్లు. వాళ్ళ దగ్గర విన్నవన్నీ అప్పజెప్పాను. ముందు పైపు తగిలించాకే వాల్వు తియ్యాలి. ట్యాంకు బాగా నిండేదాకా వాల్వు మూసే ఉంచాలి, లేకపోతే నీళ్ళు జారిపోయి మిగతాది అడుగున గట్టిపడుతుంది. ఖాళీ చేశాక ఒక బకెట్టు నీళ్ళు పోసి ఉంచాలి. పైపు కింద ఇటుకలు పేర్చి ఏటవాలు పెట్టాలి. పెద్దమ్మగారు ఇవన్నీ పురాణం విన్నట్టు తలూపుతూ విన్నారు.

ఇంతవరకూ నేను చెప్పినదాంట్లో తప్పేం లేదు. తప్పు ఆ తర్వాత మాటలో ఉంది.

“మంచినీళ్ళు నింపుకోడానికి కూడా పైపు కావాలండి. దారిలో ఏ పొలం మోటారు దగ్గరో ఆపి నింపుకుంటాం,” అన్నారు ట్రావెల్సాయన.

పొలం మోటారు అనగానే నేను రైతుల కొట్టుదాన్నయిపోయాను. రైతెప్పుడూ రెండు పైపులూ ఒకే సైజు అడుగుతాడు. ఒకటి చిరిగితే రెండోది దాని చోట పెట్టుకుంటాడు. పైపుని బిగించే కప్లింగులూ అవే, క్లిప్పులూ అవే. “అదే చుట్టలోంచి ఇంకో పన్నెండడుగులు కోయించేస్తానండి. ఒకదానికి ఒకటి పనికొస్తుంది,” అన్నాను.

అన్నయ్యగారు రంపం పట్టుకుని అలాగే నిలబడ్డారు. “ఒకే చుట్టలోంచి రెండూనా?”

“అవునండి. ఏం?”

“ఏం లేదండి. దేనికి ఏది పనికొస్తుందో అని.”

నేను నవ్వేసి, “మీకెందుకండీ ఆ భయం, గుర్తు పెడతానుగా,” అన్నాను. పటం దగ్గరున్న కుంకుమభరిణె తెచ్చి, మంచినీళ్ళ పైపు రెండు కొసల దగ్గరా పసుపు రాసి బొట్లు పెట్టాను. అది చెరిగిపోకుండా పైన సన్నగా వార్నిష్ కూడా పూశాను. నాకది ఎంత ముచ్చటగా కనిపించిందో! బొట్టున్నది మంచిది, బొట్టు లేనిది మురికిది. ఇంతకన్నా తేలికైన గుర్తు ఏముంటుందనుకున్నాను.

ఆ గుర్తు డ్రైవరుకీ క్లీనరుకీ విడమరిచి చెప్పాను. క్లీనరంటే మీరు కుర్రాణ్ణి ఊహించుకోకండి. ఆయనకి యాభై దాటాయి. మెడలో తులసిపూస, నెరిసిన మీసం. ట్రావెల్సాయన కంటే ముందు ఆయన మావగారి దగ్గర లారీల మీద పనిచేసినవాడు. ఆ మురుగు పైపు పని డ్రైవరు తన వల్ల కాదన్నాడు. మెకానిక్కు ముక్కు మూసుకున్నాడు. “నేను చేస్తానండి. యాత్రకెళ్ళే అమ్మలకేగా,” అని ముందుకొచ్చింది ఆయనొక్కడే. నేను చెప్పినదంతా విని, “బొట్టున్నదే మంచిదండి. అలాగేనండమ్మా,” అన్నాడు.

భాద్రపదంలో ఇచ్చిన పైపులు. ఆశ్వయుజం వచ్చింది. దసరా వచ్చింది. మేమూ మా కొట్లో కత్తెరలకీ, రంపాలకీ, తూకం రాళ్ళకీ పూజ చేసుకున్నాం. బస్సు షెడ్డులో కూడా ఆయుధపూజ చేస్తారని, ఆ పూజలో ఏ పనిముట్టునీ వదలరని నాకు తెలుసు. తెలిసీ ఆ రెండు పైపుల సంగతి నా బుర్రకి తట్టలేదు.

కార్తీకంలో సోమవారాలు రద్దీ అని బుధవారం పెట్టుకున్నారు ప్రయాణం. షావుకారుగారు నన్ను కూడా పంపించారు, “నీ పైపుకి మొదటి యాత్ర, నువ్వు లేకపోతే ఎలా?” అని. తెల్లవారగానే బయల్దేరాం. పాతికమంది ఆడవాళ్ళు, ముందు సీట్లో పెద్దమ్మగారు. ఆవిడ దారిలో మూడుసార్లు లేచి వెనక్కి వెళ్ళి వచ్చారు. మూడోసారి తిరిగొచ్చేటప్పుడు సీట్ల మధ్య ఆగి, పెళ్ళిలో వడ్డన చూసుకునే పెద్దావిడలా అందరినీ ఒకసారి చూశారు. “బాగుందర్రా!” అన్నారు. బస్సంతా చప్పట్లు.

సామర్లకోటలో ట్రావెల్సాయన స్నేహితుడిది ఒక రైసుమిల్లు ఉంది. వాళ్ళ సెప్టిక్ ట్యాంకులో బస్సు ట్యాంకు ఖాళీ చేసుకుని, వాళ్ళ మోటారు దగ్గర మంచినీళ్ళు నింపుకోమన్నారు. మమ్మల్ని గుడి దగ్గర దింపి బస్సు మిల్లుకి వెళ్ళింది. భీమేశ్వరుడికి రెండంతస్తుల గుడి అది. మెట్లెక్కి పైకి వెళ్ళి, తీరిగ్గా దర్శనం చేసుకుని, ఉసిరి దీపాలు పెట్టి మిల్లుకి చేరేసరికి ఎండెక్కింది. పులిహోర పొట్లాలు విప్పుకునే ముందు అందరూ వరసగా బస్సు కుళాయి దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కున్నారు. కొందరు నోరు పుక్కిలించారు కూడా.

నేను నా పైపుల్ని చూసుకుందామని వెనక్కి వెళ్ళాను. మిల్లు గోడ మీద రెండూ ఎండకి ఆరేసి ఉన్నాయి. ఆకుపచ్చగా, శుభ్రంగా, పక్కపక్కన. రెండింటికీ పసుపు. రెండింటికీ ఎర్రటి బొట్లు.

 క్లీనరు అప్పుడే గుడి నుంచి వస్తున్నాడు, నుదుటి మీద విభూది.

“ఇదేంటండి? రెండింటికీ బొట్లెవరు పెట్టారు?”

“నేనేనండమ్మా. దసరాకి. మీరు రాసినట్టే వార్నిష్ కూడా రాశానండి.” ఆయన ముఖంలో ఏ కల్మషం లేదు. “అన్నిటికీ పెట్టి దాన్నొక్కదాన్నే ఎలా వదిలేస్తానండి? ఎక్కువ పని చేసేది అదేగా.”



“సరే, మురుగు ఏ పైపుతో తీశారు?”

“తీసేటప్పుడు రెండూ కొత్తవేగదండి. ఒకటి పెట్టి తీశాను. తర్వాత రెండింటినీ ఫినాయిలు పోసి కడిగి గోడ మీదేశాను. నీళ్ళు నేను పడతాను, నువ్వెళ్ళి దణ్ణం పెట్టుకునిరా అన్నాడు డ్రైవరు. వెళ్ళానండి.”

డ్రైవర్ని అడిగాను. “మీరు చెప్పినట్టే చేశానండి. బొట్టున్న పైపు తీసి నీళ్ళు పట్టాను. పట్టాక మళ్ళీ గోడ మీదేశాను,” అన్నాడు. అతను నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. దాంతోనే వచ్చింది ముప్పు.

వాసన చూద్దామంటే రెండూ ఫినాయిలు వాసనే. క్లీనరు ఇంత శ్రద్ధగా కడక్కపోయుంటే ఏది ఏదో తెలిసేది.

మా గొంతులు పైకి లేచాయేమో, భజన బృందం లీడరమ్మ వచ్చేశారు. ఆవిడ తాళం వేస్తే పాతికమందీ పాడాలి, ఆపితే ఆపాలి. సంగతి వినగానే, “రామ రామ! ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నామర్రా!” అని అరిచారు. ఒక్క క్షణంలో పాతికమందీ మిల్లు మోటారు దగ్గరికి పరుగు. పుక్కిళ్ళు, ఉమ్ములు, తలస్నానాలు. పులిహోర పొట్లాలు బస్సు మెట్ల మీదే ఉండిపోయాయి.

ట్రావెల్సాయన క్లీనర్ని పక్కకి లాగి, నాకు వినిపించేంత గొంతుతోనే, “మంచి పైపుతోనే పట్టారని చెప్పు. ఒక్క మాట. ఇప్పుడంతా సర్దుకుంటుంది,” అన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టను. వెనక పెద్దమ్మగారు నిలబడి ఉన్నారు, ఆవిడ రామేశ్వరం మా కళ్ళ ముందే జారిపోతోంది. నిజం చెప్పాలంటే, నా మనసు కూడా ‘చెప్పెయ్యి’ అనే అనుకుంది. ఇన్నేళ్ళ పూజలూ ఆ క్షణంలో నాకు అక్కరకు రాలేదు.

లీడరమ్మ తడిచీరతో వచ్చి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. “ఏమయ్యా, నువ్వు చెప్పు. ఏ పైపు?”

క్లీనరు యజమాని వైపు ఒకసారి చూశాడు. తలదించుకుని, “తెలీదండి,” అన్నాడు. “మంచిదే అయ్యుండొచ్చండి. కాకపోయుండొచ్చు కూడానండి. నాకు తెలీదండి.”

“విన్నారుగా! పదండి స్టేషనుకి. పాసింజరెక్కి ఇంటికి పోదాం. రామేశ్వరం వద్దు, ఏమీ వద్దు,” అని లీడరమ్మ సంచీ తీసుకున్నారు. నలుగురైదుగురు వెంటే కదిలారు.

నేను అడ్డం వెళ్ళాను. “అతని తప్పు కాదండి. రెండూ ఒకే చుట్టలోంచి కోయించింది నేను. మా కొట్లో అన్నయ్యగారు అనుమానపడినా వినలేదు. దసరా వస్తుందని తెలిసీ ఆ గుర్తు పెట్టింది నేను.”

“నీ తప్పయితే ఏంటి, అతనిదైతే ఏంటమ్మా? నోట్లో పోసుకుంది మేము!”

నేను పక్కకి జరిగాను.

అప్పుడు పెద్దమ్మగారు వచ్చి బస్సు మెట్టు మీద కూర్చున్నారు. ఆవిడ కూడా ఆ నీళ్ళతో నోరు కడుక్కున్నవాళ్ళలో ఒకరు. గొంతు పెంచలేదు. లీడరమ్మని ఆవిడ వదినా అనే పిలుస్తారు.

“వదినా, ఒక్క నిమిషం ఆగు. రైలెక్కడానికి మీకు కాళ్ళున్నాయి, మీరు వెళ్ళొచ్చు. నేను ఆపను. ఒక్కటి అడుగుతాను, దానికి చెప్పి వెళ్ళు. అతను ‘మంచిదేనండి’ అనుంటే నువ్వేం చేసేదానివి?”

“ఏం చేస్తాను? నమ్మేదాన్ని.”

“నమ్మి పులిహోర తినేదానివి. నేనూ తినేదాన్ని. అతనికి ఉద్యోగం ఉండేది, మావాడికి పరువుండేది, నాకు రామేశ్వరం ఉండేది. ఒక్క మాటలో అన్నీ ఉండేవి. ఆ మాట అతను అనలేదు.” క్లీనరు వైపు చెయ్యి చూపించారు. “పన్నెండు రోజులు మన నీళ్ళు ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి కదే. తెలియనప్పుడు తెలీదనేవాడి చేతిలో పెడదామా, మంచిదేనండి అనేవాడి చేతిలో పెడదామా?”

లీడరమ్మ సంచీ మాత్రం దించలేదు. చివరికి, “ఆ పైపులు రెండూ నా కళ్ళకి కనిపించకూడదు. కొత్త పైపు రావాలి. ట్యాంకు మూడుసార్లు కడగాలి. అప్పుడు చూస్తాను,” అన్నారు.

“మూడు కాదు, ఐదుసార్లు కడుగుతానండి,” అన్నాడు క్లీనరు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు. మిల్లు ఆఫీసులోంచి కొట్టుకి ఫోన్ చేశాను. అన్నయ్యగారు ఎత్తారు. జరిగింది చెప్పాను. అంతా విని, “వస్తున్నానండి,” అని పెట్టేశారు.

ఆయన వచ్చేలోపు మంచినీళ్ళ ట్యాంకు పని. కింద మూత విప్పి నీళ్ళన్నీ వదిలేశాం. చేతులు పట్టేంత కంత ఉంది. క్లీనరు బ్లీచింగు పొడి కలిపాడు. నేను కొంగు బిగించి చీపురు అందుకుంటే, “మీరొద్దండమ్మా, పూజలు చేసుకునే చేతులండి,” అన్నాడు.

“పైపు ఇచ్చిన చేతులేనండి ఇవి. జరగండి,” అన్నాను.

ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల అడుగుల పైపు అమ్మి ఉంటానో. దాని అవతలి కొస దగ్గర కూర్చుని పనిచేసింది మాత్రం ఆ రోజే. మూడోసారి కడుగుతుండగా వెనక తాళాల చప్పుడు వినిపించింది. మిల్లు అరుగు మీద భజన మొదలైంది. లీడరమ్మ కోపంగానే పాడుతున్నారు, కానీ పాడుతున్నారు. అది చాలనుకున్నాం.

రైలు దిగి అన్నయ్యగారు వచ్చిన తీరు చూడాలి. మెడ చుట్టూ తెల్లటి సన్న పైపు మూడు చుట్లు చుట్టుకుని, చేతిలో పనిముట్ల సంచీతో మిల్లు గేటులోంచి వస్తుంటే, పెద్దమ్మగారు చూసి, “అదిగో, భీమేశ్వరుడే వస్తున్నాడు, మెళ్ళో పాముతో!” అన్నారు. అంతసేపటికి మొదటిసారి అందరూ నవ్వారు. లీడరమ్మ కూడా.

“టీసీ దీనికి కూడా టిక్కెట్టు అడిగాడండి,” అన్నారాయన.

నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆయన గోడ మీది రెండు పైపుల్నీ చూసి, బొట్లని చూసి, నన్ను చూశారు. “ఒకదానికి ఒకటి పనికొస్తుందన్నారు కదండి. పనికొచ్చింది, బాగా.”

 మంచినీళ్ళ ట్యాంకు మూతికున్న మూడంగుళాల కప్లింగు ఊడదీసి, దాని చోట అంగుళం కప్లింగు బిగించారు. తెల్ల పైపు తగిలించి చూపించారు. తర్వాత గోడ మీది లావు పైపు ఒకటి తెచ్చి అదే మూతికి పెట్టబోయారు. పట్టలేదు. తిప్పారు, నొక్కారు. పట్టలేదు.

“చూశారుగదండీ. గుర్తులొద్దు. గుర్తుంచుకోవడమూ వద్దు. ఎక్కించాలన్నా ఎక్కకూడదు,” అన్నారు. పిల్లలూ, ఈ మొత్తం కథలో పని నేర్చుకోదగ్గ మాట ఇదొక్కటే. ఇది నాది కాదు, ఆయనది.

లావు పైపులు రెండింటిలో ఒకటి లీడరమ్మ కంటపడకుండా మురుగుకి ఉంచి, రెండోది ముక్కలు చేసి మిల్లువాళ్ళకి వదిలేశాం. లీడరమ్మ స్వయంగా వచ్చి ట్యాంకులోకి టార్చి వేయించుకుని చూశారు. ఐదోసారి కడిగిన నీళ్ళు దోసిట్లో పట్టి చూశారు. “ఊఁ. ఎక్కండర్రా. ద్రాక్షారామం గుడి తీసే వేళయింది,” అన్నారు. ఎక్కుతూ ఎక్కుతూ క్లీనరు దగ్గర ఆగి, “పులిహోర మిగిలింది, తిన్నావా నువ్వు?” అని అడిగారు. ఆయన తినలేదు. పొట్లం చేతిలో పెట్టి, తినేదాకా బస్సు కదలనివ్వలేదు.

మాఘంలో వాళ్ళు రామేశ్వరం వెళ్ళారు. పాతికమందీ వెళ్ళారు. ఇంకో నలుగురు మాకూ చోటివ్వమని వచ్చి చేరారు. నేను వెళ్ళలేదు, కొట్లో సీజను. తిరిగొచ్చిన మూడోరోజున పెద్దమ్మగారు రిక్షాలో మా కొట్టుకి వచ్చారు. చిన్న సీసాలో రామేశ్వరం బావుల తీర్థం నా అరచేతిలో పోశారు. అన్నయ్యగారికి పోశారు. కబురు తెలిసి ముందే వచ్చి నిలబడ్డ టైర్ల బాబాయిగారికి కూడా పోశారు.

“అయిందమ్మా,” అన్నారు. “ఆయన పేరు చెప్పి ఒక మునక, నా పేరు చెప్పి ఒక మునక. మూడో మునక వేశాను. ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ క్లీనరు పేరు చెప్పి వేశాను. పన్నెండు రోజులు ప్రతి ఊళ్ళోనూ మేం గుళ్ళోకి వెళ్తుంటే అతను బస్సు వెనక్కి వెళ్ళేవాడు. ఏ రోజూ ముఖం చిట్లించలేదు. రామేశ్వరంలో పట్టుబట్టి అతన్ని కూడా లాక్కెళ్ళాం. వదిన తన తువ్వాలు ఇచ్చింది తుడుచుకోడానికి.”

పెద్దమ్మగారు ఆ తర్వాత మూడేళ్ళు ఉన్నారు. ఆ బస్సులో తిరుపతీ, శ్రీశైలమూ వెళ్ళారు. ట్రావెల్సాయన అలాంటివే ఇంకో రెండు బస్సులు చేయించారు. వాటి పైపులు మా కొట్లోనే తీసుకున్నారు, లావుదొకటి, సన్నదొకటి. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను. నన్ను నమ్మిన షావుకారుగారికీ, నా తప్పు మెడలో వేసుకుని రైలెక్కి వచ్చిన అన్నయ్యగారికీ, తీర్థం పోసిన ఆ తల్లికీ నా నమస్కారాలు. వాళ్ళని తలుచుకోవడానికి వాళ్ళ పిల్లలూ మనవలూ ఉన్నారు.

క్లీనరు మాత్రం పెళ్ళీ పిల్లలూ లేనివాడు. బస్సు షెడ్డులోనే ఉండేవాడు. నాలుగేళ్ళ క్రితం నిద్రలోనే పోయాడని ట్రావెల్సాయన చెప్పారు. ఆయనకి ఏటా తద్దినం పెట్టేవాళ్ళు లేరు. అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మీరు ఏ యాత్రకైనా వెళ్ళి, దేవుడి ముందు నిలబడి మీవాళ్ళందరి పేర్లూ చెప్పుకున్నాక, ఇంకొక్కరికి చోటుంచండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. అబద్ధం ఒక్కటి ఆడితే అందరికీ బాగుండే వేళ, ‘తెలీదండి’ అన్న బస్సు క్లీనరు అని చెప్పండి చాలు. ఆయన ఎవరో దేవుడికి తెలుసు.